పాటిమట్టి

పదకొండింటికల్లా బందరు కాలేజీలో ఉండాలి, తొమ్మిదిన్నర దాటిపోయింది, బస్సింకా అవనిగడ్డ స్టాండులోనే గురకలు పెడుతోంది. కిటికీ పక్క సీటు దొరికినందుకే దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను, ఆడవాళ్లకి టికెట్ లేదన్నప్పటి నుంచీ నాలాంటి మోకాళ్ల నొప్పులవాళ్లకి బస్సులో చోటు దొరకడం మానేసింది. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, కవర్లో దరఖాస్తు, దరఖాస్తు చివర ఖాళీగా ఒక గీత, దాని కింద టైపు కొట్టిన అక్షరాలు: శ్రీమతి ఎలీసబెతు, కీర్తిశేషులు రాజారత్నం గారి సతీమణి. ముప్పై మూడేళ్లు ఊళ్లు తిరిగే నర్సుగా చేశాను, పుట్టిన బిడ్డల కాగితాల మీదా పోయిన బిడ్డల కాగితాల మీదా ఎన్ని సంతకాలు పెట్టానో, చెయ్యి ఎప్పుడూ ఆగలేదు. ఈ ఒక్క సంతకానికి పది రోజులుగా కంటి మీద కునుకు లేదు. ఇది పెడితే పెడన అమ్మాయి అక్షిత, మా ఆయన పేరు మీద ఇచ్చే డబ్బుతో, నాగాయలంక దగ్గర మా నాన్న చేలో రెండు వేల ఏళ్ల నాటి ఊరి కోసం తవ్వకం మొదలుపెడుతుంది. రెండేళ్ల చదువు దాని మీద పెడుతుంది. ఆ ఊరు అక్కడ లేదు. లేదని నాకు తెలుసు, తెలిసి కూడా నలభై ఏళ్లు కావస్తోంది.

బస్సు కదిలింది, కాస్త గాలి తగిలింది. ఆయనుంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు, ఆయనే ఏదో ఒక సాకు చెప్పి ఆ పిల్లని ఇంకో చోటికి తోలేసేవారు, కానీ ఆయన కరోనా రెండో విడతలో పోయారు, ఆక్సిజన్ గొట్టం ముక్కులో ఉండగా కూడా పక్క మంచం కుర్రాడికి శాసనాల గురించి చెబుతూనే పోయారు. పోయిన ఏడాదికి, బందరు కాలేజీలో ఆయన దగ్గర చరిత్ర చదివిన పాత శిష్యులూ తోటి మేష్టర్లూ కలిసి ఆయన పేరున నిధి పెట్టారు. చరిత్ర చదివే పిల్లల్లో ఏటా ఒకరికి, ఊళ్లు తిరగడానికి, కెమెరా అద్దెకి, దొరికిన ముక్కలు పరీక్షకి పంపడానికి. మంచి పనే. ఆయన కూడా పెళ్లికి కొన్న బూట్లేసుకుని దిబ్బలెక్కినవారే, జేబులో బస్సు ఛార్జీ లేక గుడివాడ నుంచి సగం దూరం నడిచొచ్చిన రోజులున్నాయి. మొదటి ఏడాది ఒక పిల్లాడు బందరు కోటలో డచ్చివాళ్ల సమాధుల రాళ్లు చదివాడు, తర్వాత ఒకమ్మాయి పాత ఓడరేవు గోదాముల బొమ్మలు గీసింది, నేను దండ వేయించుకుని, మైకులో రెండు ముక్కలు చెప్పి, బిస్కెట్లు తిని ఇంటికొచ్చేశాను. వాళ్లు వేసిన కరపత్రంలో మొదటి వాక్యం మాత్రం ప్రతిసారీ గొంతులో చేపముల్లులా గుచ్చుకునేది. దివిసీమ ఉప్పునేలల్లో తొలినాటి జనావాసాన్ని మొట్టమొదట గుర్తించిన పరిశోధకులు రాజారత్నం గారు. చదివినప్పుడల్లా అందరూ చప్పట్లు కొట్టేవారు, నేనూ కొట్టేదాన్ని.

అది మా పెళ్లైన మరుసటి వేసవి. ఆయన అత్తారింట్లో పొద్దుపోక పొద్దున్నే చేలగట్ల మీద పడి తిరిగేవారు, ఓ రోజు లుంగీ ఒడిలో ఏదో పోసుకుని పరుగులాంటి నడకతో వచ్చారు. మామిడికాయలేమో అనుకుని చాట తీసుకెళ్లాను, చూస్తే కుండపెంకులు. ఎర్రవి, నల్లవి, ఒకదాని మీద గోటితో గీసినట్టు వరసగా గుండ్రటి గీతలు. నా పళ్లు తోముకునే బ్రష్షు అడక్కుండా తీసుకుని వాటిని కడిగారు, ఒక్కో పెంకూ కడిగి అరుగు మీద ఆరబెడుతూ, ఈ గీతల పెంకు రెండు వేల ఏళ్లదే ఎలీసబెతూ, ఇది సముద్రం మీద వ్యాపారం చేసిన ఊళ్లలో దొరికే రకం, మీ నాన్నగారి చేను కింద ఊరుందే, అంటూ ఊగిపోయారు. నేను ఆ మొహం అంతకు ముందు చూడలేదు, తర్వాత మా అమ్మాయి కల్పన పుట్టినప్పుడు చూశాను, అంతే. మా నాన్న పశువులపాక దగ్గర నిలబడి ఉన్నాడు. మావయ్యా, ఈ పెంకులు చేలో ఎప్పటి నుంచి ఉన్నాయి, అని అడిగారాయన. మా నాన్న ఒకసారి నా వంక చూసి, ఎప్పటి నుంచో ఉన్నాయి బాబూ, మా తాతల నాటి నుంచీ, అన్నాడు. మా నాన్న నోట అబద్ధం వినడం నాకదే మొదలు.

తర్వాత పొయ్యి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "అల్లుడుగారు గవర్నమెంటోరు కదమ్మా, ఆ బోర్డు సంగతి తెలిస్తే కేసు పెడతారా?" ఆ బోర్డు, చిన్నప్పుడు నేను గట్టిగా చదివిన బోర్డు, గుర్తుకు రాగానే నాకు నవ్వొచ్చింది. "ఏం కాదులే నాన్నా, నేను చెప్పను" అన్నాను. చిన్న మాట, చేప పులుసు కలుపుతూ అన్న మాట. రేపు మెల్లగా చెప్పొచ్చులే అనుకున్నాను, ఆ రేపటికి ఆయన యూనివర్సిటీలో తన గురువుగారికి ఉత్తరం రాసి పోస్టులో వేసేశారు, నెలకి జవాబు వచ్చింది, ఏడాదికి వ్యాసం అచ్చయింది, ఆ వ్యాసానికి ప్రమోషన్ వచ్చింది. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. ఇక చెబితే పోయేది ఎవరి పరువు, ఆయనదా, మా నాన్నదా. కడుపు చించుకుంటే కాళ్ల మీదే కదా పడేది.

పులిగడ్డ దగ్గర జనం తోసుకుంటూ ఎక్కారు. ఒకావిడ సంచీ నా కాళ్ల మీద పెట్టి, చెంగుతో మొహం తుడుచుకుని, నన్ను చూసి గట్టిగా అరిచింది. "నర్సమ్మగారూ! గుర్తుపట్టలేదా? రమణమ్మనండీ, మీ పుట్టింటి ఊరి కోడల్ని, మా పెద్దోడు మీ చేతుల్లోనేగా పుట్టింది." పుట్టిన బిడ్డలందరూ నాకు గుర్తుండాలని ఈ తల్లులకి అదొక నమ్మకం. గుర్తుందన్నాను, కష్టమైన కాన్పు కదా అన్నాను, ప్రతి తల్లికీ తన కాన్పే కష్టమైనది కాబట్టి. ఆవిడ సంబరపడిపోయింది, పక్క సీటాయన్ని లేపి కూర్చుంది. ఆమె కాళ్లు వాచి ఉన్నాయి, బీపీ మాత్రలు మానేసి ఉంటుంది, అడిగే ఓపిక నాకు లేదు. బస్సు ఏటి మీదికి వచ్చింది, కింద నీళ్లు, నీళ్ల మీద వంతెన, వంతెన మీద కాలవ, చిన్నప్పుడు మా అమ్మ ఈ చోట నా కళ్లు మూసేది, నేను కిందకి చూస్తే వాంతి చేసుకుంటానని. అమ్మ చేతికి పచ్చిపసుపు వాసన ఉండేది. ఉప్పెనలో అమ్మ పోయింది, దొరకలేదు, నాకప్పుడు పన్నెండేళ్లు, చర్చి పైకప్పు మీద నాన్న తమ్ముణ్ణి ఒళ్లో అదుముకుని, నా జడ పట్టుకుని కూర్చున్నాడు, జడ వదిలితే పోతానని. నీళ్లు తీశాక చేను తెల్లగా బయటపడింది. ఉప్పు. ఆ ఏడాది నారు పోస్తే మొలవలేదు, మరుసటేడు మొలిచి ఎర్రబడి మాడింది. వ్యవసాయం ఆఫీసరు ఉప్పు విరగడానికి జిప్సం చల్లమన్నాడు, నాన్న తల ఊపాడు గాని ఆ పేరుకే ఆయన నోరు తిరగలేదు.

నాన్న అప్పుడు ఉప్పెన ఇళ్లు కట్టే దగ్గర మేస్త్రీ. ఇటుకలు గుడివాడ వైపు బట్టీల నుంచి లారీలో వచ్చేవి, నాన్న లారీ వెంట వెళ్లేవాడు. ఆ దారిలో ఒక ఊరి చివర పెద్ద పాటిదిబ్బ ఉండేది. ఎప్పుడో జనం బతికి, వండుకుని, పారబోసుకుని, వదిలి వెళ్లిపోయిన ఊరు దిబ్బైపోతే, ఆ మట్టే పాటిమట్టి, బూడిదరంగులో మెత్తగా ఉంటుంది, దాన్ని తవ్వి చేలో చల్లితే ఎరువు అక్కర్లేదని అక్కడి రైతులు బళ్లకెత్తేవారు. మా నాన్న చూశాడు. ఆయన చదువుకోలేదు గాని చూసింది మరచిపోడు. ఇటుకలు తక్కువ వచ్చిన రోజున లారీలో మిగిలిన చోటంతా పాటిమట్టి నింపించి తెచ్చేవాడు, ఎవరైనా తట్టలు అందిస్తే కావడికెత్తుకుని ఒక్కడే మోసి పరిచేవాడు, పొద్దున ఇళ్ల పని, సాయంత్రం చేను పని, రెండు వేసవులు, ఇరవై రెండు లారీలు. ఆయన బుజం మీద కావడి కాయ కాచిపోయి చచ్చేదాకా అలాగే ఉంది. ఒకసారి నన్ను కూడా లారీలో తీసుకెళ్లాడు. దిబ్బ పక్కన ఇనుప బోర్డు, ఎర్ర అక్షరాలు, నేను చదువు వచ్చిన గర్వంతో గట్టిగా చదివాను, ఇచ్చట తవ్వరాదు, అతిక్రమించినవారు శిక్షార్హులు. "చదవొద్దులే తల్లీ" అన్నాడు నాన్న, పార ఆపకుండా. మూడో ఏడు మా చేను పండింది, చుట్టూ తెల్లటి నేలలో మా చేను ఒక్కటే పచ్చగా. ఆ మట్టిలో వచ్చినవే ఆ పెంకులన్నీ.

"మీ నాన్నగారి చేను దాకా వచ్చేసినయ్యండి రొయ్యల చెరువులు" అంటోంది రమణమ్మ. "మీదొక్కటే మిగిలింది. మీ తమ్ముడుగారు ఇవ్వనంటన్నారంట, మంచి పని చేశారండి. ఆ మట్టి అలాంటిది. మీ నాన్న బెంజమిన్ గారు లారీల మీద తోలించిన పాటిమట్టి కదండీ."

నేను ఆమె వైపు తిరిగాను. "నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడమేంటండీ, మా మావగారు కూడా ఆ తట్టలు అందించాడంట. ఊళ్లో ముసలాళ్లందరికీ తెలుసుగా. మా ఆయనైతే ఇప్పటికీ ఆ చేనుని లారీ చేననే అంటాడు."

లారీ చేను. ఆ పేరు నేను వినలేదు, పెళ్లి చేసుకుని వచ్చేశాక ఊళ్లో పుట్టిన పేర్లు ఆడపిల్ల దాకా రావు. రమణమ్మ చల్లపల్లిలో దిగిపోయింది, దిగుతూ, ఒంట్లో జాగ్రత్తండి, చిక్కిపోయారు అంది, సంచీతోపాటు నా గుండెల్లోంచి కూడా ఏదో లాక్కుపోయినట్టైంది. ఊరందరికీ తెలుసు. నలభై ఏళ్లు నేను రహస్యమని మోసింది గట్టు మీద కూర్చున్న ప్రతి ముసలాడికీ తెలిసిన సంగతి, వాళ్లకది రహస్యమే కాదు, అడిగితే చెప్పేవారు, ఎవరూ అడగలేదు. చదువుకున్నవాళ్లు పెంకుని అడిగారు గాని రైతుని అడగలేదు. రేపు అక్షిత మొదటి గునపం దించగానే ఎవరో ఒకావిడ గట్టు మీద నిలబడి, ఏంటమ్మా తవ్వుతున్నారు, ఆ మట్టి లారీల్లో తెచ్చింది కదా, అనేస్తుంది. నలుగురు పిల్లల ముందు. ఆ పిల్ల మొహం ఎలా ఉంటుంది. బస్సు గుంతలో పడి లేచింది, నా మోకాలు ముందు సీటు కమ్మీకి తగిలి ప్రాణం జివ్వుమంది, ఆ నొప్పిలోనే ఇంకో సంగతి తట్టింది. ఆయనకి కూడా ఎవరో చెప్పి ఉంటారు. ఆ గట్ల మీద ఎన్నిసార్లు తిరిగారు, ఎన్ని ఇళ్లలో మజ్జిగ తాగారు, ఒక్క ముసలాడి నోట ఒక్కసారైనా రాకుండా ఉంటుందా.

అక్షిత పోయిన నెల మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన పాత నోట్సు అంతా నేల మీద పరుచుకుని కూర్చుంది. వాళ్ల నాన్న పెడనలో కలంకారీ అచ్చు కొడతాడట, పిల్ల చేతివేళ్లు కూడా ఏదో చెక్కమీద పనిచేసినట్టు దృఢంగా ఉన్నాయి. "ఆంటీ, సార్ ఇక్కడ ఒక గుంట తవ్వించారు, తొంభై ఒకటిలో. చూడండి, అడుగు మందం పెంకులు, కింద ఉప్పుమట్టి, ఏమీ లేదు అని రాశారు. మరి దీని మీద వ్యాసం ఎందుకు రాయలేదు?" అని అడిగింది. తెలియదమ్మా అన్నాను. "ఊరు ఇంకా కిందుంటుందాంటీ, సార్ ఆగిపోయారు, నేను ఆరడుగులు వెళ్తాను. మా నాన్న అంటారు, మొదటి అచ్చు సరిగ్గా పడితే గుడ్డంతా అదే సర్దుకుంటుందని. సార్ మొదటి అచ్చు వేసిపెట్టారు నాకు" అంది. ఆ మాటకి నేను లేచి టీ పెట్టే వంకన వంటింట్లోకి వెళ్లిపోయాను. తొంభై ఒకటి తర్వాత ఆయన ఆ చేలోకి పిల్లల్ని ఒక్కసారీ తీసుకెళ్లలేదు. ఎవరడిగినా, ఇప్పుడు నీళ్లు పెట్టారు, ఇప్పుడు కోతలు, ఇప్పుడు మినుము చల్లారు. పాపం మావయ్యకి ఇబ్బంది అనేవారు. ఇప్పుడు అర్థమవుతోంది. ఆయనకి తెలుసు. మా నాన్న అబద్ధం చెప్పాడనీ నేను పక్కనే ఉన్నాననీ తెలుసు, నన్ను అడిగితే నేను నా తండ్రి పరువు తీయాలి కాబట్టి అడగలేదు, నేను చెబితే ఆయన పేరు పోతుంది కాబట్టి చెప్పలేదు. ఈ దాపరికంతో ఒకే మంచం మీద ముప్పై ఏళ్లు పడుకున్నాం. ఎంత పిచ్చివాళ్లం. కోపం వచ్చింది నాకు, ఆయన మీద, నా మీద, ఆ బోర్డు మీద. ఒక్కసారి అడిగి ఉంటే ఇద్దరం నవ్వుకునేవాళ్లం కదండీ అనుకున్నాను, బస్సులో, ఆయన వినేటట్టు.

బందరులో దిగి ఆటో ఎక్కాను, ఆటో కుర్రాడు కాలేజీ లోపలి దాకా తెచ్చాడు. మెట్లు పన్నెండు, నాకు పన్నెండు కొండలు. గదిలో రామ్‌ప్రసాద్ గారు లేచి నిలబడ్డారు, ఆయన మావారి తోటి లెక్చరరు, నిధి వ్యవహారమంతా ఆయనదే, శాలువా కూడా తెచ్చిపెట్టారు. అక్షిత కుర్చీ లాగి మంచినీళ్లిచ్చింది. నేను నీళ్లు తాగి, గ్లాసు దించి, కూర్చోకుండానే చెప్పేశాను. ఉప్పెన, ఉప్పు, లారీలు, బోర్డు, మా నాన్న భయం. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంతేనా అనిపించింది.

రామ్‌ప్రసాద్ గారు శాలువా మడత సరిచేస్తూ, "అమ్మా, ఇప్పుడెందుకండీ ఇదంతా? కరపత్రాలు కూడా అచ్చయిపోయాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. ఈ అమ్మాయికి వేరే చోటు చూద్దాం, ఈ మాట ఈ గదిలోనే ఉండనివ్వండి" అన్నారు. మంచివాడే, స్నేహితుడి పేరు కాపాడాలని ఆయన ఆరాటం. అక్షిత మాత్రం నా వైపే చూస్తోంది, కళ్లు ఎర్రబడ్డాయి. "ముందే చెప్పొచ్చుగా ఆంటీ. మీ ఇంటికి వచ్చాను కదా. నెల్లాళ్లు కూర్చుని రాశాను." తప్పేనమ్మా అన్నాను. ఆ పిల్ల కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది, నేను కుర్చీలో కూలబడ్డాను. ఈ కాళ్లతో మళ్లీ ఆ మెట్లు దిగి, బస్సెక్కి, ఖాళీ ఇంటికెళ్లి అన్నం వండుకోవాలి కదా అని ఆలోచిస్తున్నాను నేను.

"ఆ దిబ్బ గుడివాడ అవతలా? రోడ్డుకి ఎడమ వైపు, పక్కన చెరువు ఉండేదా?" అని కిటికీ దగ్గర నుంచే అడిగింది అక్షిత. ఉండేదన్నాను. "ఆ దిబ్బ ఇప్పుడు లేదాంటీ. మేం పోయినేడు సర్వేకి వెళ్లాం, చదును చేసి ప్లాట్లు వేసేశారు. బోర్డు కూడా లేదు. పెంకు ముక్క కూడా దొరకలేదు మాకు." ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. దరఖాస్తు తన వైపు తిప్పుకుంది. "ఆ ఊరు ఇంకెక్కడా మిగల్లేదు, మీ చేలో తప్ప" అంది, ఎవరికో కాకుండా తనకే చెప్పుకున్నట్టు. అక్షిత పెన్ను తీసి తన పరిశోధన పేరు మీద అడ్డంగా గీత కొట్టి, పైన లారీల్లో వచ్చిన ఊరు అని రాసింది.

"మట్టి చేలో ఏ వైపు నుంచి పోసుకుంటూ వచ్చారు?"

"కాలవ వైపు నుంచి. లారీ అక్కడి దాకానే వచ్చేది."

"అడుగు కింద ఏమీ లేదని సార్ రాసింది కూడా పెడతానాంటీ. మొదట చూసింది సారే కదా."

పెట్టమ్మా అన్నాను. ఆయన దాచుకున్న మాట అలా ఒక పిల్ల నోటి నుంచి వింటుంటే గుండె బరువు కాస్త దిగింది. ఆమె ఇంకో కాగితం తీసుకుంది. "మీ నాన్నగారి పేరు? ఇంటిపేరుతో చెప్పండి."

"కొక్కిలిగడ్డ బెంజమిన్."

"ఆయన గురించి ఏమని రాయను? రైతనా, మేస్త్రీ అనా?"

రైతు అందామనుకున్నాను, మేస్త్రీ అందామనుకున్నాను. ఏడుపు తన్నుకొచ్చింది, ఉప్పెన నాడు చర్చి పైకప్పు మీద రాని ఏడుపు. ఆ పిల్ల పెన్ను పట్టుకుని ఓపిగ్గా ఆగింది.

"మట్టి మోశాడని రాయమ్మా" అన్నాను.

అలాగే రాసి, సంతకానికి దరఖాస్తు నా వైపు తిప్పింది.